మూడు కేకల పెద్దాయన

మొన్న శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయనను సమాధుల దొడ్డిలో పడుకోబెట్టి వచ్చాం. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక ఆయన గురించి కాస్త రాసుకోవాలనిపించింది. సంఘం రిజిస్టరు తెరిచి చూశాను. పుట్టిన తేదీ లేదు. బాప్తిస్మం తీసుకున్న సంవత్సరం దగ్గర సిరా చెదిరిపోయి ఉంది. మిలటరీలో ఎన్నేళ్లు చేశాడో, బర్మాలో ఏం చూశాడో ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. కనుక ఆ వివరాలు నా దగ్గర లేవు. నాకు బాగా తెలిసినవి ఆయన కళ్లు, ఆయన కేక, ముసురు పట్టిన ఒక ఉదయం.

ముందు కళ్ల సంగతి. చల్లపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఈ ఊరి సంఘానికి కాపరిగా వచ్చిన తొలి ఆదివారమే ఆయనతో నాకు పేచీ వచ్చింది. చివరి బల్ల మీద, తలుపు పక్కన కూర్చునేవాడు. తుపాకి మోతలకు కుడి చెవి పోయింది కాబట్టి ఎడమ చెవిని నా వైపు పెట్టి, ముఖం వీధి వైపు తిప్పి వాక్యం వినేవాడు. అందరూ ఆమేన్ అన్నాక ఒక క్షణం ఆగి తను అనేవాడు. అదంతా సరే. ప్రార్థనలో మాత్రం కళ్లు మూసేవాడు కాదు. ఇంత ముసలివాడు, సంఘపెద్ద, పిల్లలకు ఏం నేర్పుతాడని నాకు కోపం వచ్చింది. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి మెల్లగానే అడిగాను.

"మీరంతా మూసుకుంటారు గదండీ అయ్యగారూ, ఒకడన్నా కాపలా ఉండాలి" అన్నాడు. అని, కొంచెం ఆగి, "ఇంతకీ మీరెట్టా చూశారండీ?" అన్నాడు.



తుపాకి పేల్చేటప్పుడు కూడా అంతే. అందరూ ఒక కన్ను మూసి గురి చూస్తారు, ఆయన రెండూ తెరిచే చూసేవాడు. దేవుడు రెండిచ్చాడు, ఒకదాన్ని పనిలోంచి తీసెయ్యడమెందుకు అనేవాడు. పంట కాపుదలకు లైసెన్సున్న పాత రైఫిలు ఆయనది. చెక్క భాగం మీద ఆయన చెంప ఆనే చోట నునుపు తేలి, గడియారం గొలుసులా మెరిసేది. తూటాలు బిస్కెట్ల డబ్బాలో, ఆ డబ్బా ఆయన మంచం కింద. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా ఆ డబ్బా పక్కకు జరిపి మంచాన్ని ఇచ్చేవాడు గానీ డబ్బాని ఎవరి చేతా ముట్టనిచ్చేవాడు కాదు.

ఊరి చుట్టూ చెరుకు. కృష్ణ ఒడ్డు లంకల్లో, రెల్లు దుబ్బుల్లో అడవిపందులు ఉండేవి. అవి గుంపుగా వచ్చి పడితే తెల్లారేసరికి అర ఎకరం చెరుకు చాప చుట్టినట్టు పడిపోయి ఉండేది. ఏ ఆసామి చేలో పందులు దిగినా పెద్దాయనకు కబురు వచ్చేది. పొద్దు పొడిచేవేళకు ఆయన చేను గట్టు మీద కూర్చునేవాడు. పందిని చూసేవాడు. రైఫిలు భుజానికి ఆనించేవాడు. అప్పుడు కేక వేసేవాడు.

"ఎవరయ్యా అక్కడా?"

మూడుసార్లు. కేకకూ కేకకూ మధ్య నిండుగా ఒక ఊపిరి. చేలో మనుషులు ఉంటే వాళ్లు పలకాలి. పేరు చెప్పక్కర్లేదు, "మనిషిని" అంటే చాలు. పేరు అడగకపోవడానికి కారణం నాకు తరవాత అర్థమైంది. పరాయి చేను గట్టు మీద గడ్డి కోసుకునేవాళ్లు ఉంటారు, ఎండుటాకు ఏరుకునేవాళ్లు ఉంటారు. పేరు చెప్పమంటే సిగ్గుకో భయానికో నోరు విప్పరు. మనిషిని అని చెప్పుకోవడానికి ఎవరికీ సిగ్గుండదు.

కేక వినగానే పందులు పారిపోయేవి. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు అంతే. కుర్రాళ్లు నవ్వేవారు. ఊళ్లో ఎక్కువ చెరుకు వేసే ఆసామి అయితే ఆయన మొహం మీదే అనేవాడు, పందుల్ని భోజనానికి పిలిచి మరీ కాలుస్తావేంటయ్యా అని. పెద్దాయన తొణికేవాడు కాదు. చేలోంచి పోవడమే గదండీ మనకి కావాల్సింది, పోయాయి, అనేవాడు.

నేను వచ్చిన రెండో ఏడు పందులు మరీ ఎక్కువయ్యాయి. ఆసామి ఓపిక అయిపోయింది. ఈ నెలాఖరు దాకా చూస్తాను, ఆ పైన మోటారు షెడ్డు నుంచి కరెంటు తీగ లాగి చేను చుట్టూ కట్టేస్తాను అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి పెద్దాయన భోజనం సరిగా చేయలేదని ఇంట్లోవాళ్లు నాతో చెప్పారు. తీగ కేక వెయ్యదు గదండీ అని మాత్రం నాతో ఒకసారి అన్నాడు.

ఆ రోజుల్లోనే ఆసామి అల్లుడు సెలవు మీద వచ్చాడు. ఓడలో ఇంజనీరు. మంచివాడే, పని తొందరగా అయిపోవాలనే మనిషి. మామగారి చెరుకు సంగతి ఉత్తరాల్లో చదివాడు కాబోలు, ఏదో రేవులో రైఫిలుకు బిగించే దుర్భిణి గొట్టం ఒకటి కొని తెచ్చాడు. స్కోపు అంటారు దాన్ని. కొత్త రకం, తేలికది. ఇది బిగిస్తే నూరు గజాల దూరంలో ఉన్నది పది గజాల్లో ఉన్నట్టుంటుంది, ఇక కేకలతో పని లేదు అన్నాడు.  పెద్దాయన కళ్లకు పొర కమ్ముతోందని అప్పటికి నాకొక్కడికే తెలుసు, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్న రోజు కనిపెట్టాను. తీగ తప్పాలంటే పంది పడాలి. పంది పడాలంటే కన్ను కావాలి. ఒప్పుకున్నాడు.

బిగించడానికి బెజవాడ వెళ్లాలి. నాకూ గవర్నర్‌పేటలో కాగితాలు అచ్చువేయించే పని ఉంది, కలిసి బస్సెక్కాం. రైఫిలును దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కండక్టరు అదేంటని అడిగితే ముందు లైసెన్సు తీసి చూపించి, తరవాత టిక్కెట్టు అడిగాడు.

తుపాకులు బాగుచేసే మేస్త్రి కొట్టు ఒక లాడ్జీ మేడ మీద. గడ్డం నెరిసిన సాయిబు. గొట్టాన్ని చేతిలో ఎగరేసి పట్టుకుని, "పావు కిలో కూడా లేదు పెద్దాయనా, దోసకాయంత బరువు లేదు" అని మెచ్చుకున్నాడు. మధ్యాహ్నానికి బిగించాడు. తూటా లేదని బోల్టు, అంటే వెనక గడియ, తెరిచి చూపించి, కిటికీలోంచి చూడమన్నాడు.

పెద్దాయన చూశాడు. అలవాటు చొప్పున రెండు కళ్లూ తెరిచే చూశాడు. మేస్త్రి ఎడమ కన్ను మూసుకోమన్నాడు. మూసుకున్నాడు. అలా ఆయన్ని చూడటం నాకు అదే మొదటిసారి, ఎవరో ఆయన చేత బలవంతంగా మూయించినట్టు అనిపించింది. కొంతసేపు గొట్టాన్ని వీధి మీద అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆపి, చటుక్కున దించేశాడు.

ఏమైందన్నాను.

"ఆ మూల మంగలి ఎవరికో గెడ్డం గీస్తన్నాడండీ. ఆ మనిషి గొంతు మీద సబ్బు నురగ కూడా కనపడింది. ఆయనకి తెలీదు నేను చూస్తన్నట్టు." మేస్త్రి నవ్వాడు, అందుకేగా ఇది అన్నాడు. పెద్దాయన నవ్వలేదు.

నేనూ చూశాను. దాచుకోవడమెందుకు, నాకు బ్రహ్మాండంగా అనిపించింది. కన్ను సరైన చోట పెట్టేదాకా అంతా నలుపు. తరవాత ఒక్కసారిగా గుండ్రటి వెలుతురు. జట్కా గుర్రం కంటి మీద వాలిన ఈగ కనిపించింది. ఆ గుండ్రంలో నిలువు గీత ఒకటి, అడ్డగీత ఒకటి. నేను వయసులో ఉన్న కాపరిని, ఎక్కడ రెండు గీతలు కలిసినా నాకు సిలువే కనిపించేది. చూశారా, లోపల సిలువ ఉంది అన్నాను సంబరంగా.

"చూశానండీ" అన్నాడు. "దాని మీదికి ఎవర్ని తెస్తన్నామో, అది చూసుకోవాల."

తిరుగు బస్సులో మళ్లీ ఆ ఊసెత్తలేదు. రైఫిలు మాత్రం చేతులు మార్చి మార్చి పట్టుకున్నాడు. బరువేసిందా అని అడిగితే, బరువు లేదండీ, అదే తెలీడం లేదు, తుపాకి పట్టుకున్నట్టు లేదు అన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఏడు మా సంఘంలో శుక్రవారం మౌన ఉపవాసం పెట్టించింది నేనే. నోటికి కాపలా పెట్టమని వాక్యంలో ఉన్న ప్రార్థన మీద మూడు వారాలు బోధించాను. శుక్రవారం పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మాట లేదు, ఏం జరిగినా సరే. పట్టుదల చూపించమన్నాను. ఒక్క మాట జారినా ఆ వారం ఉపవాసం లెక్కకు రాదన్నాను. ఈ లెక్కకు రాదన్న మాట ఏ లేఖనంలోనూ లేదు, ఊపులో నేనే కలిపాను. స్త్రీలు పదిహేను మంది దాకా పూనుకున్నారు. అందరిలోకీ గట్టిది పడమటి వాడలో ఉండే విధవరాలు ఒకామె. గేదె మీద ఆధారపడి ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఆమె నిష్ఠ గురించి ప్రసంగంలో పొగిడాను కూడా.

స్కోపు బిగించి వచ్చిన మూడో రోజు శుక్రవారం. రెండు రోజులుగా ముసురు. పెద్దాయన తెల్లారకముందే వచ్చి, చూపుకి తోడు రమ్మని నన్ను పిలిచాడు. మాట్లాడకూడని రోజని గుర్తుచేశాను. "మీరు మాట్లాడొద్దండీ. పందైతే తల ఊపండి, కాకపోతే ఊపొద్దు" అన్నాడు. వెళ్లాను. అల్లుడుగారు గొడుగుతో అప్పటికే గట్టు మీద ఉన్నాడు.

వెలుతురు వచ్చింది గానీ ఎండ లేదు. చేను అవతలి అంచున పందులు తొక్కేసిన చెరుకు, దాని పక్కన గట్టు మీద గడ్డి. ఆ గడ్డిలో నల్లటి వీపు ఒకటి మెల్లగా కదిలింది. ఉత్త కంటికి ఏదో ముద్దలా ఉంది. పెద్దాయన గొట్టంలో చూశాడు. అద్దం మీద చినుకు పడితే పంచె చెరగుతో తుడిచి మళ్లీ చూశాడు. తరవాత రైఫిలును కదలకుండా గట్టు మీది మట్టిదిమ్మెకు ఆనించి నా వైపు చూశాడు.

నేను కన్ను పెట్టాను. తడిసి నల్లబడిన గూని వీపు. ముందుకు వాలిన తల. నేలను తవ్వుతున్నట్టు ఊగుతోంది. కాళ్లు గడ్డిలో కనిపించడం లేదు. అద్దంలో అంత దగ్గరగా, అంత స్పష్టంగా ఉంటే ఇక సందేహమేముంటుంది? తల ఊపాను.

ఈ తల ఊపడం గురించి నేను ఏడేళ్లుగా దేవుని ముందు ఒప్పుకుంటూనే ఉన్నాను.

పెద్దాయన రైఫిలు భుజానికి తీసుకున్నాడు. అల్లుడుగారు గొంతు తగ్గించి, ఈ ఒక్కసారికి కేక వద్దు, పోతుంది, మళ్లీ దొరకదు అన్నాడు. ఆయన విన్నాడో లేదో తెలియదు, కుడి చెవి వైపు ఉన్నాడు అల్లుడుగారు.

"ఎవరయ్యా అక్కడా?"

ఊగుతున్న వీపు ఆగిపోయింది. జవాబు లేదు. ఒక ఊపిరి. రెండో కేక. వీపు కొంచెం కిందికి దిగింది. ఇంకో ఊపిరి. మూడో కేక. గడ్డిలోకి ఇంకా ఒదిగింది. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మూడూ అయ్యాయి, కాల్చండి" అన్నాడు అల్లుడుగారు.

పెద్దాయన వేలు ట్రిగ్గరు మీదే ఉంది. నేను ఆ వేలినే చూస్తున్నాను. అప్పుడు ఆయన మూసిన ఎడమ కన్ను తెరిచాడు. గొట్టం మీద నుంచి తల ఎత్తి, రెండు కళ్లతో చేను వైపు చూశాడు. పొర పట్టిన కళ్లకు ఆ దూరంలో ఏం కనిపిస్తుంది? అయినా చూశాడు. వేలు తీసి, బోల్టు లాగి, తూటా జేబులో వేసుకున్నాడు.

"పందైతే మొదటి కేకకే దూకేదండీ. కేక విని ఒదిగేది మనిషి."

అల్లుడుగారు ఊరుకోలేదు. దెబ్బ తిన్న పంది, పిల్లలున్న పంది కదలవని, దగ్గరికి వెళ్తే చీల్చేస్తాయని నిన్న మీరే చెప్పారు గదా అన్నాడు.

"అవును. చెప్పాను" అన్నాడు పెద్దాయన. రైఫిలు నా చేతుల్లో పెట్టి, చేతికర్ర తీసుకుని గట్టు దిగాడు.

"తుపాకి లేకుండా వెళ్తారా?" అన్నాడు అల్లుడుగారు.

"మనిషి దగ్గరికి తుపాకితో ఎట్టా పోతానండీ?"

వెళ్లాడు. మోకాటి లోతు తడి గడ్డి, కర్రతో పక్కకు తోసుకుంటూ మెల్లగా. నేను ఖాళీ రైఫిలు ఎత్తి గొట్టంలోంచి ఆయన్ని చూశాను. అది తప్పని అప్పుడు తోచలేదు. నిలువు గీత, అడ్డగీత కలిసిన చోట ఆయన వీపు వచ్చింది.  గీతలు పక్కకు తప్పించబోతే ఆయనే గుండ్రంలోంచి జారిపోయాడు, నల్లటి వీపు ఒక్కటే మిగిలింది. మళ్లీ వెతికాను. అద్దంలో ఆయన ఉంటే అది ఉండదు, అది ఉంటే ఆయన ఉండడు. ఇద్దరికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ అద్దం చెప్పదు. ఇక రైఫిలు దించేశాను. నోరు తెరవకుండా ప్రార్థించాను, కళ్లు మాత్రం మూయలేకపోయాను.

ఆయన ఆగాడు. కర్ర చివరతో గడ్డిని పాయలు తీశాడు. నల్లటి వీపు లేచింది. లేచి, పొడుగై, మనిషయింది. నెత్తి మీద నుంచి నడుము దాకా గోనెసంచి గూడ, తడిసి నల్లగా. చేతిలో కొడవలి. పడమటి వాడ ఆమె. ముసురులో మా వైపు ఆడా మగా అందరూ వేసుకునే గోనె గూడే అది. నేను రోజూ చూసేదే. అద్దంలో చూసి పోల్చుకోలేకపోయాను.

పెద్దాయన ఏదో అడిగాడు. ఆమె పలకలేదు. వేలితో పెదాలు చూపించి, ఆ వేలితోనే గట్టు మీద ఉన్న నన్ను చూపించింది.

 గట్టు మీద బురదలో కూర్చుండిపోయాను.

పొద్దు గూకాక ఆమె ఇంటికి వెళ్లాం. పెద్దాయన నన్ను వెంట తీసుకెళ్లాడు. కేక విన్నావా అమ్మాయ్ అని అడిగితే విన్నానండి అంది. మూడూ విన్నదట. "లేచి నిలబడదామనుకున్నానండీ. కదిలితే కొడతారేమోనని భయమేసింది. పలుకుదామంటే అయ్యగారు వద్దన్నారు గదా." అంతకుమించి ఒక్క నిష్ఠూరం కూడా లేదు. పిల్లలకు అన్నం పెడుతూ చెప్పింది. నేను వాళ్ల గడప మీద తల ఆనించి క్షమించమని అడిగాను. ఆమె కంగారుపడి లేవండి అయ్యగారూ అంటూ పక్కకు తప్పుకుంది.

 ఇంటి దగ్గర విడిపోయేముందు పెద్దాయన, "ఆదివారం చెప్పేటప్పుడు ఒక్క మాటకి సెలవియ్యండీ. పిలిస్తే మనిషినని చెప్పొచ్చు, ఉపవాసం పోదని చెప్పండి" అన్నాడు.

చెప్పాను. జరిగిందంతా, నేను తల ఊపడంతో సహా, ఆదివారం సంఘం ముందు నిలబడి చెప్పాను. ఆ రోజు నా వాక్యభాగం తోటలో చెట్ల మధ్య దాక్కున్న మొదటి మనుషుల సంగతి. దేవుడికి ఏ అద్దమూ అక్కర్లేదు, వాళ్లెక్కడ ఉన్నారో ఎరుగును. అయినా తీర్పు చెప్పకముందు ఎక్కడున్నావని పిలిచాడు. ఆ భాగం నేను ఎన్నోసార్లు బోధించాను. ఆ పిలుపు ఎందుకన్నది మా చివరి బల్ల మీద మనిషి నాకు చూపించాడు. ముగింపు ప్రార్థనలో అందరి తరవాత ఒక క్షణానికి ఆయన ఆమేన్ వినిపించింది.

ఆసామి ఇక తీగ మాట ఎత్తలేదు. ఆమె గడ్డి కోసిన గట్టు మీదుగానే ఆ తీగ వెళ్లాల్సింది. స్కోపును పెద్దాయన ఊడదీసి, గుడ్డలో చుట్టి, తనే అల్లుడుగారికి తీసుకెళ్లి ఇచ్చాడు. పనిచెయ్యలేదా అని అడిగాడాయన, కొంచెం నొచ్చుకుంటూ.

"వస్తువు మంచిదేనండీ. అబద్ధం చెప్పదు. చూపించినంత వరకూ నిజమే చూపించుద్ది" అన్నాడు పెద్దాయన. "నాకు పక్కన కూడా కనపడాలండీ."

ఆ నెలాఖరులోనే రెండు కళ్లూ తెరిచి, మూడు కేకలూ వేసి, కేకకు తల ఎత్తి నిలబడిన పెద్ద మగపందిని కొట్టాడు. అదే ఆయన చివరి తూటా. తరవాత రెండేళ్లకు లైసెన్సుతో సహా రైఫిలును స్టేషనులో అప్పగించేశాడు.

చూపు పూర్తిగా పోయాక అరుగు మీద నులక మంచంలోనే ఉండేవాడు. అడుగుల చప్పుడు వినపడితే ఎవరయ్యా అక్కడా అనేవాడు. ఊరంతా అదొక అలవాటైపోయింది. ఎవరూ పేరు చెప్పేవారు కాదు. పోస్టుమాను, కూరగాయల బండివాడు, ఆఖరుకు ఆ ఆసామి కూడా చెప్పులు విడుస్తూ మనిషిని అనేవాళ్లు. అయితే రండి అనేవాడు. గొంతును బట్టి ఎవరో ఆయనకు తెలుసు. నేను వెళ్తే మాత్రం, "అయ్యగారా, ఈయాళ శుక్రవారం కాదు గదండీ" అని నవ్వేవాడు.

పోయింది గురువారం. సమాధి చేసింది శుక్రవారం. కాబట్టి మౌనం పట్టినవాళ్లంతా పాటలో గొంతు కలపకుండా ఒక పక్కన నిలబడ్డారు. పడమటి వాడ ఆమె వాళ్లలో ముందుంది. ఏడేళ్లలో ఒక్క శుక్రవారం కూడా ఆమె పొద్దు గూకకుండా నోరు విప్పలేదు. ఆ ఒక్క మాటకు సెలవున్నా ఆమెకు అవసరం పడలేదు, పెద్దాయన తుపాకి వదిలాక ఆ చేలల్లో పిలిచి కొట్టేవాళ్లు ఎవరున్నారు?

పెట్టెను దించాక, ఆ రోజుకు మౌనం మానుకున్న నేను చివరి ప్రార్థన మొదలుపెట్టాను. అందరూ కళ్లు మూసుకున్నారు. చివరి బల్ల ఖాళీ అయింది కదా, ఒకడన్నా కాపలా ఉండాలని నేను మూసుకోలేదు. అందుకే చూశాను. ఆమె గుంపులోంచి ముందుకొచ్చింది. వంగి పిడికెడు మట్టి తీసుకుంది. గుంట అంచున మోకరించి, మట్టి జారవిడుస్తూ, ఎవరూ పిలవకుండానే, పెట్టెలోకి వినపడాలన్నట్టు మెల్లగా అంది.

"మనిషినే పెద్దాయనా."

తరవాత లేచి, వెనక్కి వెళ్లి, తన చోట నిలబడింది. పొద్దు గూకేదాకా మళ్లీ మాట్లాడలేదు.